టెర్మినల్‌లో ఒకేసారి రెండు రాతలు

ప్రశ్న: లినక్స్ కెర్నెల్ టెర్మినల్ విభాగంలో రేస్ కండిషన్‌ను సరిదిద్దడమంటే ప్రతిచోటా కొత్త లాక్‌లు పెట్టడమేనా?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని

జవాబు: కాదండీ. రెండు పనులు ఒకే డేటాను ఒకేసారి తాకి, ఏది ముందు జరిగితే దాన్నిబట్టి ఫలితం మారిపోవడమే రేస్ కండిషన్. ఒక సమయంలో ఒక పనే ఆ డేటాను తాకేలా చూసే తాళం లాంటిది లాక్. 2014లో బయటపడిన సీవీఈ-2014-0196 అనే భద్రతా లోపాన్ని గమనించండి. ఒక ప్రోగ్రామ్ సూడో టెర్మినల్ (సాఫ్ట్‌వేర్‌తో నడిచే టెర్మినల్)లోకి అక్షరాలు రాస్తుండగానే, వచ్చిన అక్షరాలను ఎకో చేయడానికి, అంటే తిరిగి చూపడానికి, కెర్నెల్ కూడా అదే బఫర్‌లో (తాత్కాలిక నిల్వ స్థలంలో) రాయవచ్చు. రాసే ప్రతి దారీ (కోడ్ మార్గం) మొదట బఫర్‌లో ఖాళీ ఉందో లేదో చూసి, అక్షరాలను నకలు చేసి, ఆ తర్వాతే వాడిన స్థలం లెక్కను పెంచుతుంది. రెండు దారులూ ఒకే ఖాళీని చూసుకున్నాక మొదటిది తన పని ముగించి లెక్క పెంచితే, రెండోది ఆ పెరిగిన చోటు నుంచి రాయడం మొదలుపెట్టి బఫర్ అంచు దాటి పక్క మెమరీని పాడుచేస్తుంది. దీనివల్ల సిస్టమ్ కుప్పకూలవచ్చు. అంతకన్నా ప్రమాదకరంగా, మామూలు యూజర్ రూట్ అధికారం (సిస్టమ్‌పై పూర్తి పెత్తనం) చేజిక్కించుకోవచ్చు.

దీన్ని సరిచేయడానికి కొత్త లాక్ అవసరం కాలేదు. అవుట్‌పుట్ లాక్ అప్పటికే ఉంది, ఎకో దారి దాన్ని తీసుకుంటోంది కూడా. అక్షరాలను మార్చకుండా నేరుగా పంపే దారి మాత్రమే తీసుకోవడం లేదు. ఆ ఒక్క రాత చుట్టూ అదే లాక్‌ను పట్టి వదిలారు. ఈ నిర్ణయం నాకు ఎంతో సబబుగా తోస్తుంది, ఎందుకంటే సీరియల్ డ్రైవర్లు ఇంటరప్ట్ సమయంలోనే (హార్డ్‌వేర్ పిలుపుకు వెంటనే స్పందించే, నిద్రపోకూడని వేళ) బఫర్‌ను నింపుతాయి కనుక, దొరికేదాకా నిద్రపోయి వేచి ఉండాల్సిన మ్యూటెక్స్ అనే రకం లాక్‌ను బఫర్ లోపల పెట్టడం కుదరదు. మీరు సాధన చేయదలిస్తే, 2020లో 5.8 వెర్షన్‌తో కెర్నెల్‌లో చేరిన కేసీశాన్ (KCSAN) అనే సాధనంతో మొదలుపెట్టండి. లాక్ లేకుండా పంచుకుంటున్న డేటాను అది కెర్నెల్ నడుస్తుండగానే పట్టి చూపుతుంది.