ఎమ్మెల్యే సంతకం: ఒక కొత్త కథకుడికి లేఖ

నాయనా,

నీ కథ అందింది. పీఏ ఖాళీ లెటర్‌హెడ్లు లెక్కపెట్టుకుని బీరువాలో పెట్టి తాళం వేసే చోటు బాగుంది. కళ్లారా చూడనివాడు అది రాయలేడు. ఆ తర్వాత నాలుగు పేజీలు తిప్పేసరికి ఒళ్లు మండింది. మీ ఎమ్మెల్యే జేబులోంచి పెన్ను తీసి తహశీల్దార్ బదిలీ ఉత్తర్వు మీద సంతకం చేసేశాడు! ఏ ఊళ్లో చూశావయ్యా ఇది?

చట్టం ప్రకారం ఎమ్మెల్యే పని శాసనసభలో కూర్చుని బిల్లుల మీద, బడ్జెట్ మీద ఓటు వేయడం, ప్రశ్నలడగడం. వీఆర్వోని సైతం ఆయన కాగితం మీద ఆదేశించలేడు. రెవెన్యూ వాళ్లకి కలెక్టర్ ఉన్నాడు, పోలీసులకి ఎస్పీ ఉన్నాడు. అయినా నియోజకవర్గంలో ఆయనకి తెలియకుండా ఒక ఎస్సై వచ్చి చేరడు, ఒక రేషన్ డీలర్ మారడు. చట్టంలో లేని ఈ పెత్తనం ఎక్కడినుంచి వచ్చిందో వెతకడమే నీ కథ. నువ్వు ఒక్క సంతకంతో ఆ చిక్కంతా తెంచేశావు.

నాకో పిచ్చి ఉంది, నవ్వుకుంటే నవ్వుకో. ఎమ్మెల్యే సంతకం ఎక్కడ పడిందో అక్కడ ఆయన అడుక్కుంటున్నాడని నా లెక్క. తిరుమల దర్శనానికి సిఫార్సు లేఖ, ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి ఆపరేషన్ ఖర్చు ఇప్పించమని లేఖ, ఫలానా ఊరికి రోడ్డు వేయమని మంత్రికి లేఖ. అన్నింటి మీదా ఆయన సంతకం ఉంటుంది, అన్నింటిలోనూ ఆయన అర్జీదారుడే. నిజంగా పెత్తనం చేసినచోట కాగితమే ఉండదు. ఫోన్ ఉంటుంది. ఇంకా పెద్ద పనైతే ఫోన్ కూడా ఉండదు, కారులో పక్క సీటు ఉంటుంది.

మన నీళ్ల సంగతే తీసుకో. ఏటా నెల్లూరులో కలెక్టర్ అధ్యక్షతన సాగునీటి సలహా మండలి సమావేశం పెడతారు. సోమశిల జలాశయం నిండితే 78 టీఎంసీలు, కండలేరు 68. ఏ కాలువకి ఎన్ని నీళ్లు, ఎడగారుకి, అంటే రెండో పంటకి, ఇస్తారా ఇవ్వరా అని ఎమ్మెల్యేలు అక్కడ గొంతు చించుకుంటారు. మర్నాడు పేపర్లో ఫొటో. అది కథ కాదు, వార్త. కావలి కాలువ చివరి భూముల్లో నారు ఎండిపోతుంటే పైన ఏ తూము షట్టర్ రాత్రిపూట ఎంత లేచింది, కాలువ కాపలా చూసే లస్కరుకి ఎవరు చెప్పారు, ఆ చెప్పినవాడికి ఎవరు చెప్పారు, అది కథ. అడిగితే లస్కరు ఏమంటాడో తెలుసా? 'నాకెవురూ చెప్పలేదు సామీ, చెత్త అడ్డంపడి లేసింది' అంటాడు. సోమశిల మీద పేజీలకి పేజీలు రాసినా ఆ ఒక్క అబద్ధంలో ఉన్నంత రాజకీయం రాదు.

ఈ మాట నాకు పుస్తకాల్లో దొరికింది కాదు. కందుకూరులో పేపర్‌కి కంట్రిబ్యూటర్‌గా పనిచేసేవాణ్ణి. అచ్చయిన వార్తని స్కేలుతో కొలిచి అంగుళాల లెక్కన డబ్బులిచ్చేవాళ్లు. అవి టీలకి సరిపోతే గొప్ప. పొద్దున్నే ఎమ్మెల్యే ఇంటి వరండాలో బల్ల మీద కూర్చుంటే వార్తలు వాటంతటవే వచ్చేవి. ఆయన ఎవర్నీ కాదని పంపేవాడు కాదు. వచ్చినవాడి ముందే ఆఫీసరుకి ఫోన్ కొట్టి గట్టిగా మాట్లాడేవాడు. వాడు దణ్ణం పెట్టి గేటు దాటాక పీఏ లోపలికెళ్లి అదే నంబరుకి మళ్లీ ఫోన్ చేసేవాడు. ఏ ఫోన్‌కి విలువో ఆఫీసరుకి తెలుసు. నాకు తెలియడానికి మాత్రం చాలాకాలం పట్టింది. అదే ఎమ్మెల్యే హైదరాబాదులో మంత్రిగారి హాల్లో మన కోటయ్య లాగా టవలు భుజాన వేసుకుని కూర్చోవడం కూడా చూశాను. (కోటయ్యంటే నీ కథలో పట్టాదారు పాస్‌బుక్ కోసం తిరిగే రైతు. వాడి పేరు మార్చకు.) లోపల్నుంచి పిలుపు రాలేదు. బయటికొచ్చి 'మంచి స్పందన వచ్చింది, రాసుకో' అన్నాడు. రాసుకున్నాను. నా ఉద్యోగం అదే కదా.

ఆ వరండా మీద ఒక కథ రాసి వారపత్రికకి పంపితే సంపాదకుడు ఏమన్నాడో విను: 'అన్నీ బాగానే ఉన్నాయి గానీ హత్య ఏదండీ?' నెల్లూరుకీ సీమకీ తేడా తెలియని మహానుభావుడు. సుమోలు, బాంబులు లేకపోతే రాజకీయ కథ కాదని ఆయన నమ్మకం. చివరికి నా ఎమ్మెల్యేకి ఒక గన్‌మన్‌ని, ఒక కాల్పుల సీనుని తనే రాసి పెట్టి అచ్చేశాడు. పారితోషికం ఇప్పటికీ రాలేదు. ఆ రోగం ఇప్పుడు కథల పోటీలకి పట్టింది, చివర్లో సందేశం ఉంటేనే బహుమతి. నీ కథ చివర కుర్రాడు చేసే ప్రసంగం అందుకోసం పెట్టిందేనని నా అనుమానం. తీసెయ్.

ఇంకో చోట నువ్వు '175 మందిలో ఒకడు, వాడి విలువెంత' అని రాశావు. ఏ జిల్లాలో కూర్చుని రాస్తున్నావు నువ్వు? 1970లో ఒంగోలు జిల్లాగా పుట్టి, రెండేళ్లకి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టుకున్న జిల్లాలో. ఆ పంతులుగారి ప్రభుత్వం 1954 నవంబరులో మద్యనిషేధం గొడవలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. బ్రిటిష్ వాడి తుపాకీకి గుండె చూపించినవాడు సొంత సభలో ఒక్క చెయ్యి లేచినందుకు దిగిపోయాడు. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ని గద్దె దించినప్పుడు ఎమ్మెల్యేలని క్యాంపుల్లో పెట్టి పక్క రాష్ట్రానికి తీసుకెళ్లి కాపలా కాశారంటే, వాళ్లమీద ప్రేమతోనా? లెక్క దగ్గర పడినప్పుడు ఎమ్మెల్యే తలకి ధర. లెక్క దాటి మెజారిటీ వచ్చిన ఏడు ఆయన ముఖ్యమంత్రి అపాయింట్‌మెంట్ కోసం తిరుగుతుంటాడు. 2003 రాజ్యాంగ సవరణ తర్వాత సభలో పదిహేను శాతానికి మించి మంత్రులుండకూడదు, అంటే మనకి ముఖ్యమంత్రితో కలిపి 26 మంది. మిగతావాళ్లు అయిదేళ్లూ విస్తరణ ఎప్పుడా అని చూస్తూ బతకాలి. నీ ఎమ్మెల్యేకి ఆ టెన్షన్ లేదు. రాత్రి హాయిగా నిద్రపోతున్నాడు. అందుకే వాడు మనిషిలా లేడు.

భయం పెట్టు వాడికి. పెట్టడానికి ఎన్ని లేవు? టిక్కెట్ భయం ఉంది. 2009 ఎన్నికలకి పునర్విభజన జరిగితే మన వైపు అల్లూరు, రాపూరు, కంభం, మార్టూరు నియోజకవర్గాలే మ్యాపులోంచి లేచిపోయాయి. తరాల తరబడి పెళ్లికీ చావుకీ వెళ్లి కూడబెట్టుకున్న ఊళ్లు తలోదిక్కూ చెదిరిపోయాయి. జనం భయం ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడినప్పుడు ముఖ్యమంత్రి ఆ జిల్లావాడే, నేదురుమల్లి జనార్దనరెడ్డి. అంత పెద్ద కుర్చీ జిల్లాలో ఉండి కూడా పల్లెల్లో సారా వేలంపాటలు సాగలేదు. మరుసటి ఏడు సారా నిషేధం వచ్చింది.

ఇక్కడ నీ కథకి పనికొచ్చే ముక్క ఒకటి చెబుతాను, నా పిచ్చికి సాక్ష్యం కూడా అదే. ప్రతిపక్ష ఎమ్మెల్యేని చూడు. ఆయన గెలిచాడు, లెటర్‌హెడ్ ఉంది, గన్‌మన్ ఉన్నాడు, శిలాఫలకం మీద ప్రోటోకాల్ ప్రకారం పేరుంది. ఓడిపోయినాయన అధికార పార్టీ ఇన్‌ఛార్జి. ఎంపీడీవో పొద్దున్నే ఎవరింటికి పోతాడు? మార్కెట్ యార్డ్ ఛైర్మన్ పేరు ఎవరు పంపుతారు? సంతకం ఒకరిది, పెత్తనం ఇంకొకరిది. నీ కథలో ఈ ఇద్దర్నీ ఒకే పెళ్లి పందిట్లో ఎదురుపడేలా చెయ్. అక్షింతలు వేసే వరసలో ఎవరికి ముందు దారిస్తారో పెళ్లికూతురి తండ్రి తేల్చుకోలేక చెమటలు పట్టనీ. ఆ తండ్రి కోటయ్యే అయితే ఇంకా మంచిది, వాడి పాస్‌బుక్ ఇద్దరిలో ఒకరి చేతిలో ఉంది కాబట్టి.

ఇంకొకటి. మీ ఊరి జనం చేత ఎమ్మెల్యేని 'దొరా' అనిపించావు. ఉదయగిరి పక్క ఎవరయ్యా అలా పిలిచేది? 'అన్నా' అంటారు. డెబ్బై ఏళ్ల ముసలాయన కూడా నలభై ఏళ్లవాణ్ణి అన్నా అనే పిలుస్తాడు, పని ఉంటే.

ముందుమాట ఎవరి చేత రాయించుకోవాలి, పుస్తకం ఎంతకి వేస్తారు అని అడిగావు. ముందు కథ తిరగరాయి. తహశీల్దార్ బదిలీ అవ్వాలి, కానీ ఎమ్మెల్యే పెన్ను ముట్టుకోకూడదు. బదిలీ అయిన సంగతి తహశీల్దార్‌కి తన డ్రైవర్ ద్వారా తెలియాలి. కాగితానికి ఒకవైపే రాసి పోస్టులో పంపు. వాట్సాప్‌లో పంపితే నేను చదవను, నా కళ్లు ఫోన్‌లో ఆగవు.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన