స్క్రీన్‌షాట్‌కు క్రాక్ సాఫ్ట్‌వేర్ ఎందుకు మాస్టారూ?

మీరు అడిగింది ఇదీ: గాజువాకలో ఇంటర్ పిల్లలకు ట్యూషన్ చెబుతున్నారు, కంప్యూటర్ పాఠాల నోట్స్‌లో స్క్రీన్‌షాట్‌లు పెట్టి జెరాక్స్ తీయించాలి, ఉచితంగా దొరికేవాటిలో ఏది మంచిది, ద్వారకానగర్‌లో ఎవరో మూడొందలకు పేరున్న సాఫ్ట్‌వేర్ క్రాక్ చేసి (అంటే లైసెన్స్ కొనకుండా దాని తాళం విరగ్గొట్టి) ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా అని.

ఆ చివరిదానికి ముందు జవాబు. వద్దు. మూడొందలు పోతాయని కాదు. స్క్రీన్‌షాట్ సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ వెనక నడుస్తూ ఉంటుంది, మీరు నొక్కే కీల కోసం కాచుకుని ఉంటుంది, తెర మీద ఉన్నదంతా చూడగలదు. మీ బ్యాంకు పేజీ తెరిచినా అది అక్కడే ఉంటుంది. ఏ సాఫ్ట్‌వేర్ క్రాక్‌ది వాడినా వాడకపోయినా, ఇది మాత్రం ముక్కూ మొహం తెలియని వాడి పెన్ డ్రైవ్ నుంచి ఎక్కించుకోకూడదు.

నాకు మద్దిలపాలెంలో నెట్ సెంటర్ ఉంది, 2011 నుంచి. అప్లికేషన్లు, ఫీజులు, కౌన్సెలింగ్ ఆప్షన్లు, పెన్షన్ పేజీలు. సీజన్‌లో రోజుకు ముప్పై నలభై స్క్రీన్‌షాట్‌లు తీస్తాను. వీటికోసం ఇంతవరకు ఒక్క రూపాయి పెట్టలేదు.

అసలు కొత్తగా ఏదీ ఎక్కించకుండానే మీ పని సగం అయిపోతుంది. విండోస్ కీ, షిఫ్ట్, ఎస్ మూడూ కలిపి నొక్కండి. తెర మసకబారుతుంది, కావలసిన ముక్క మౌస్‌తో గీసుకోండి, వర్డ్‌లో పేస్ట్ చేయండి. విండోస్ 10లో అయితే ఇది క్లిప్‌బోర్డులోకి, అంటే కాపీ చేసింది పేస్ట్ చేసేదాకా ఉండే తాత్కాలిక చోటులోకి మాత్రమే వెళుతుంది. ఈలోగా మీరు ఇంకేదైనా కాపీ చేశారా, మొదటిది పోయినట్టే. పదకొండులో ఫైల్‌గా కూడా దాచిపెడుతుంది. తెర మొత్తం కావాలంటే విండోస్ కీతో ప్రింట్‌స్క్రీన్. అది పిక్చర్స్‌లో స్క్రీన్‌షాట్స్ అనే ఫోల్డర్‌లోకి తనంతట తనే పోతుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్‌ఎన్ కీ కూడా కలపాలి. (ప్రింట్‌స్క్రీన్ అన్న పేరు ఊరికే రాలేదు. విండోస్‌కు ముందు డాస్ అనే సిస్టమ్ ఉన్న రోజుల్లో షిఫ్ట్‌తో కలిపి ఆ కీ నొక్కితే తెర మీది అక్షరాలు నేరుగా ప్రింటర్‌లోంచి బయటికి వచ్చేవి.)

ముక్క తీయడం ఎప్పుడు, మొత్తం తీయడం ఎప్పుడు అన్నది నాకు ఒక కుర్రాడి వల్ల తెలిసింది. ఫీజు కట్టే ఆఖరి రోజు, రాత్రి పది దాటింది. డబ్బులు కట్ అయ్యాయి, రసీదు పేజీ తెల్లగా ఆగిపోయింది. కంగారులో వాడు ఫోన్‌తో మానిటర్‌ని ఫోటో తీశాడు. ఫోటో నిండా అడ్డచారలు, పైన మా ట్యూబ్‌లైటు మెరుపు, ట్రాన్సాక్షన్ నంబరులో చివరి నాలుగు అంకెలు కనపడవు. తర్వాత ఆ ఫోటో పట్టుకుని ఆఫీసుకు వెళితే చదవడానికి కూడా ఎవరూ ఒప్పుకోలేదు. డబ్బు వెనక్కి రావడానికి చాలా రోజులు పట్టింది. ఆ రోజు నుంచి డబ్బులకు సంబంధించిన పేజీ ఏదైనా తెర మొత్తం తీస్తాను. పైన బ్రౌజర్‌లో అడ్రసు, కింద మూలన గడియారం, తేదీ రెండూ పడాలి. మీ నోట్స్‌కైతే దీనికి సరిగ్గా తిరగేసి చేయాలి. చెప్పే బటన్, దాని చుట్టూ కాస్త జాగా, అంతే. కింద మీ టాస్క్‌బార్‌లో ఏమేం తెరిచి ఉన్నాయో పిల్లలకు అనవసరం.

ఇక నోట్స్ అన్నారు కాబట్టి బాణాలు, ఒకటి రెండు మూడు అని అంకెలు కావాలి. దానికి గ్రీన్‌షాట్ పెట్టుకోండి. ఓపెన్ సోర్స్ (లోపలి కోడ్ ఎవరైనా చూసుకోవచ్చు), విండోస్‌కు ఉచితం, చాలా చిన్నది. మా షాపులో పాత డబ్బా కంప్యూటర్‌లో కూడా గుర్రంలా నడుస్తుంది. ప్రింట్‌స్క్రీన్ నొక్కి ముక్క గీస్తే ఎడిటర్ తెరుచుకుంటుంది. అందులో బాణం ఉంది, పెట్టె ఉంది, నొక్కినకొద్దీ వరస అంకెలు వేసే పనిముట్టు ఉంది. నాకు అన్నిటికంటే నచ్చింది షిఫ్ట్‌తో ప్రింట్‌స్క్రీన్. ఇందాక ఏ ముక్క గీశారో అదే చోటు, అదే కొలతతో మళ్ళీ తీస్తుంది. పాఠంలో ఎనిమిది మెట్లు ఉంటే ఎనిమిది బొమ్మలూ ఒకే సైజులో వస్తాయి. పేజీలో పెట్టినప్పుడు ఒకటి తలుపంత, ఒకటి కిటికీ అంత ఉండదు.

ఇక్కడ ఒక చిక్కు. విండోస్ 11లో ప్రింట్‌స్క్రీన్ కీని సిస్టమే పట్టేసుకుంటోంది, నొక్కితే విండోస్‌తోనే వచ్చే స్క్రీన్‌షాట్ పనిముట్టు స్నిప్పింగ్ టూల్ తెరుచుకుంటుంది. గ్రీన్‌షాట్ పాడైందని చాలామంది తీసి పారేస్తారు. అది పాడవలేదు. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో కీబోర్డ్, అక్కడ ప్రింట్‌స్క్రీన్ కీ గురించి ఒక స్విచ్ ఉంటుంది. ఆపేయండి. వన్‌డ్రైవ్ లాంటివి కూడా ఒక్కోసారి అదే కీకి ఎగబడతాయి, వాటి సెట్టింగ్స్ కూడా చూసుకోండి.

రెండోది షేర్‌ఎక్స్. ఇదీ ఓపెన్ సోర్సే, ఇదీ విండోస్‌కే. గ్రీన్‌షాట్ చేసేవన్నీ చేస్తుంది, పైగా పొడవాటి పేజీని జరుపుకుంటూ తీస్తుంది, తెరను వీడియోగా కూడా పడుతుంది. కానీ మెనూలు చూస్తే మొదటిసారి పూర్ణామార్కెట్‌లోకి అడుగుపెట్టినట్టు ఉంటుంది. అన్నీ ఉన్నాయి, మీకు కావలసింది ఏ వరసలో ఉందో తెలియదు. నేను వాడేది దీన్నే, కానీ మీకు చెప్పేది గ్రీన్‌షాటే. షేర్‌ఎక్స్ పెట్టుకుంటే మాత్రం మొదటి రోజే రెండు పనులు చేయండి. ఫైళ్ళకు అది పెట్టే పేర్లు అర్థంలేని అక్షరాల కలగాపులగంలా ఉంటాయి, తేదీ గంట వచ్చేలా మార్చుకోండి. రెండోది, ఆఫ్టర్ క్యాప్చర్ టాస్క్స్ అనే మెనూలో అప్‌లోడ్ అన్నదాని పక్కన టిక్ ఉందేమో చూసి తీసేయండి.

ఆ టిక్ సంగతి ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, దెబ్బ తిన్నాను కాబట్టి. షాపు పెట్టిన కొత్తలో ఇంకో ఉచిత టూల్ వాడేవాణ్ణి, పేరు ఎందుకులెండి. స్క్రీన్‌షాట్ తీయగానే ఒక చిన్న లింకు ఇచ్చేది. ఆ లింకు ఎవరికి పంపినా బొమ్మ తెరుచుకుంటుంది, భలే ఉందనుకున్నాను. ఒక రోజు ఊసుపోక లింకు చివర్లో ఒక అక్షరం మార్చి చూశాను. ఎవరిదో, ఎక్కడి వాళ్ళదో, ఇంకొకరి బొమ్మ వచ్చింది. మరో అక్షరం మార్చాను, మరొకరిది. అప్పటికి నేను మా వీధి వాళ్ళ ఆధార్ కార్డులు, బ్యాంకు పాసుపుస్తకాలు ఎన్ని అలా ఎక్కించానో లెక్క లేదు. ఆ రాత్రి కూర్చుని చెరిపినవి చెరిపాను, అన్నీ చెరిపానో లేదో ఇప్పటికీ చెప్పలేను. అందుకే ఉచితమా కాదా అన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న. తీసిన బొమ్మ మీ కంప్యూటర్‌లోనే ఉంటోందా, గడప దాటుతోందా అన్నది మొదటిది.

దాచడం గురించి కూడా చెప్పాలి. నోట్స్‌లో మీ లాగిన్ పేరో, ఫోన్ నంబరో, పిల్లల మార్కులో పడతాయి. వాటి మీద అలుకు పెట్టినట్టు మసకగానో, గళ్ళు గళ్ళుగానో చేసి వదిలేస్తారు చాలామంది. సరిపోదు. గళ్ళు గళ్ళుగా చేసిన అక్షరాలను మళ్ళీ చదివేందుకు డెపిక్స్ అని ఒక ఓపెన్ సోర్స్ పనిముట్టు 2020లోనే వచ్చింది. నిండు నల్ల పెట్టె వేయండి, వేసి బొమ్మగా సేవ్ చేయండి. కత్తిరించినా నమ్మకం లేదు. 2023లో విండోస్ 11 స్నిప్పింగ్ టూల్‌లోనే ఒక లోపం బయటపడింది. కత్తిరించి అదే ఫైల్ మీద సేవ్ చేస్తే, కోసేసిన భాగం తాలూకు డేటా ఫైల్ చివర్లో మిగిలిపోయేది, దాన్నుంచి బొమ్మ కొంత తిరిగి లాగగలిగేవారు. మైక్రోసాఫ్ట్ వెంటనే సరిచేసింది. వర్డ్‌లో క్రాప్ చేస్తారు చూడండి, అది మాత్రం లోపం కాదు, దాని పద్ధతే అంత. కోసిన భాగం ఫైల్‌లోనే ఉంటుంది, అవతలి వాళ్ళు లాగితే వచ్చేస్తుంది. కంప్రెస్ పిక్చర్స్‌లోకి వెళ్ళి కత్తిరించిన భాగాలను తీసేయమని టిక్ పెట్టాలి. లేదంటే పిల్లలకు వర్డ్ ఫైల్ పంపకుండా పీడీఎఫ్ చేసి, దాన్ని జెరాక్స్‌కు ఇవ్వండి.

జెరాక్స్ అంటే గుర్తొచ్చింది, మీరు డార్క్ మోడ్‌లో ఉంటే ముందు దాన్ని ఆపేయండి. నల్ల తెర స్క్రీన్‌షాట్ ప్రింటు తీస్తే టోనర్ అంతా తాగేస్తుంది, అక్షరం ఒక్కటి కనపడదు. జెరాక్స్ అతను మిమ్మల్ని చూసే చూపు వేరేగా ఉంటుంది. ఎర్ర బాణాలు కాపీలో బూడిద రంగుకు తిరుగుతాయి కాబట్టి లావుపాటి నల్ల బాణం వేయండి. బొమ్మ పెద్దది కావాలంటే తీశాక సాగదీయకండి, తీసే ముందే బ్రౌజర్‌లో కంట్రోల్, ప్లస్ నొక్కి 125 శాతమో 150 శాతమో చేసి తీయండి. సేవ్ చేసేటప్పుడు పీఎన్‌జీ. జేపెగ్ ఫోటోలకు బావుంటుంది గాని అక్షరాల అంచుల చుట్టూ మురికి పట్టినట్టు చేస్తుంది. వాట్సాప్‌లో పంపితే ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే నలిపేస్తుంది.

మెనూ తెరిచి ఉండగా తీయాలంటే కీ నొక్కగానే అది మూసుకుపోతుంది కదా, దానికి స్నిప్పింగ్ టూల్‌లో ఆలస్యం పెట్టుకునే వీలుంది. కొన్ని సెకన్లు ఇచ్చి, ఈలోగా మెనూ తెరిచి కూర్చోండి. వెబ్ పేజీ పైనుంచి కింది దాకా మొత్తం కావాలంటే ఫైర్‌ఫాక్స్‌లో రైట్ క్లిక్ చేస్తే టేక్ స్క్రీన్‌షాట్ అని వస్తుంది, ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. లైనక్స్ ఉన్నవాళ్ళకు ఫ్లేమ్‌షాట్. మా మూలన ఉన్న ఉబుంటు సిస్టమ్‌లో అదే ఉంది, బాణాలూ అంకెలూ అన్నీ అందులోనూ ఉన్నాయి.

ఒక్క విషయం మర్చిపోయాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా షట్టరు కిందనుంచి నీళ్ళు వచ్చి, నేల మీద ఉన్న సీపీయూ మునిగింది. కరెంటు వచ్చాక చూస్తే హార్డ్ డిస్క్ లేవలేదు. మూడేళ్ళుగా తీసిన రసీదుల స్క్రీన్‌షాట్‌లు, అందరివీ, అందులోనే. ఇప్పుడు ప్రతి శనివారం షాపు మూసే ముందు స్క్రీన్‌షాట్‌ల ఫోల్డర్ ఒక బయటి డిస్క్‌లోకి కాపీ చేసి ఇంటికి తీసుకెళతాను. సీపీయూ కూడా రెండు ఇటుకల మీద పెట్టాను.

డౌన్‌లోడ్ మాత్రం ఆ సాఫ్ట్‌వేర్‌ల సొంత సైట్ నుంచే చేసుకోండి. వెతికితే పైన ప్రకటనల్లో అచ్చం అలాంటివే కనిపిస్తాయి, వాటి జోలికి వెళ్ళకండి. షేర్‌ఎక్స్ అయితే మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో కూడా దొరుకుతుంది. గ్రీన్‌షాట్ పెట్టాక ప్రింట్‌స్క్రీన్ ఇంకా పలకకపోతే మీది విండోస్ పదో పదకొండో చెప్పి ఇక్కడే రాయండి, చూద్దాం.