మేనల్లుడికి పుట్టుకతో శుక్లాలు, నా బిడ్డకీ వస్తాయా?

ప్రశ్న: డాక్టరుగారూ, మా అమ్మకి అరవై దాటాక రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది, అమ్మమ్మకీ అంతే. అన్నయ్య కొడుక్కైతే మూడో నెలలోనే కంటిపాపలో తెల్లగా కనిపిస్తే ఆపరేషన్ చేశారు. నాకిప్పుడు నాలుగో నెల, మాది మేనరికం. చాలా టెన్షన్‌గా ఉంది, జీన్ టెస్ట్ చేయించుకోవాలా? – ఒక సోదరి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అమ్మకొచ్చినదీ బాబుకొచ్చినదీ ఒకే గాటన కట్టకండమ్మా. పెద్దవయసు శుక్లాల్లోనూ జీన్ల పాత్ర ఉంది, 2000లో బ్రిటన్ కవలల మీద వచ్చిన అధ్యయనం కటకం (కంటి లెన్స్) నడిమధ్యన వచ్చే రకంలో దాదాపు సగం వాటా వంశానిదేనంది. కానీ అది ఏ ఒక్క జీన్ పనో కాదు, వయసు, షుగర్, సిగరెట్, ఎండ, స్టెరాయిడ్లు అన్నీ తోడవుతాయి. దానికోసం జీన్ టెస్ట్ దండగ.

బాబు సంగతి వేరు. కటకంలో ఎక్కువగా ఉండేవి క్రిస్టలిన్ అనే ప్రొటీన్లు. కటకం నడిమి కణాల్లో కేంద్రకం (జీన్లుండే భాగం) ఉండదు, అందుకే తల్లి కడుపులో తయారైన ప్రొటీనే జీవితాంతం పనికిరావాలి, పాడైతే కొత్తది రాదు. అవి ముద్దకట్టకుండా కాపాడేది ఆల్ఫా క్రిస్టలిన్ (మన హబ్సిగూడలోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర సంస్థలో దీనిమీద ఏళ్ల తరబడి పరిశోధన జరిగింది). 21వ క్రోమోజోమ్ మీదున్న దాని జీన్‌లో ఒక చిన్న మార్పుతో ఆ ప్రొటీన్‌లో 116వ స్థానంలో ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లం బదులు సిస్టీన్ అనేది చేరిన కుటుంబంలో పిల్లలు శుక్లాలతోనే పుట్టారు.

ఇలాంటివి చాలావరకు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చినా చాలు. అందుకే మీ అన్నయ్య, వదినల కళ్లని ముందు స్లిట్ ల్యాంప్ (కంటి డాక్టర్ దగ్గరుండే లైటున్న మైక్రోస్కోప్) కింద చూపించండి, చూపు బాగానే ఉన్నవాళ్లలో కూడా కటకంలో సన్నని చుక్కలు దొరుకుతుంటాయి. కొన్ని మాత్రం ఇద్దరి నుంచీ వస్తేనే బయటపడతాయి, మేనరికంలో భయం అక్కడే. జీన్‌తో పనిలేకుండా గర్భంలో సోకిన రుబెల్లా వైరస్ వల్లా రావచ్చు, పాలలోని ఒక చక్కెరని ఒళ్లు వాడుకోలేని గెలాక్టోసీమియా అనే వంశపారంపర్య జబ్బు వల్లా రావచ్చు, బాబుకి ఆ పరీక్షలు చేశారా అడగండి.

టెస్ట్ అంటూ చేయిస్తే మొదట బాబు రక్తానికే, మీకు కాదు. అక్కడ మార్పు దొరికితేనే మీలో, మీవారిలో దాన్ని వెతకడానికి అర్థం ఉంటుంది. పంజాగుట్ట నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, బాబు డిశ్చార్జ్ కాగితాలు పట్టుకుని ఈ నెలలోనే వెళ్లండి.

రిపోర్ట్ ఏదొచ్చినా సరే, కాన్పయ్యాక ఇంటికొచ్చేలోపే బిడ్డ కళ్లలో లైటు వేసి ఎర్రటి మెరుపు సరిగా ఉందో లేదో చూడమని పిల్లల డాక్టర్ని పట్టుబట్టండి. తర్వాత ఫోన్ ఫ్లాష్ ఫొటోలో కంటిపాప తెల్లగా కనిపిస్తే ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి, పెద్దయ్యాక చూద్దాంలే అని ఎవరు చెప్పినా వినకండి. మొదటి వారాల్లో వెలుతురు లోపలికి పోకపోతే మెదడు చూడటం నేర్చుకోదు, ఆ తర్వాత ఎంత బాగా ఆపరేషన్ చేసినా పూర్తి చూపు రాదు.