'ప్లీజ్' ఉన్నా మర్యాద ఎందుకు కుదరడం లేదు?

ప్రశ్న: ఇంగ్లీషు నేర్చుకుంటున్నాను. ఇతరుల రచనలు చదివి, నా అభిప్రాయాలను ఆ భాషలోనే వారికి రాస్తుంటాను. వ్యాకరణం సరిచూసుకుని, 'ప్లీజ్' చేర్చి రాసినా నా ధోరణి దురుసుగా ఉందని కొందరు నొచ్చుకుంటున్నారు. లోపం ఎక్కడ?

జవాబు: మీ వాక్యాల్లో తప్పులు లేకపోవచ్చు గాని, అవతలివారు కాదనడానికి వీలు కూడా లేకపోయి ఉంటుంది. తెలుగులో 'చెప్పు'ను 'చెప్పండి' చేయగానే మర్యాద క్రియాపదంలోకే వచ్చి చేరుతుంది కాబట్టి, 'ప్లీజ్' కూడా ఆ పనే చేస్తుందని మనం అనుకుంటాం. కాని 'ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్' ఎంత మెత్తగా ఉన్నా ఆజ్ఞార్థకమే. 'కుడ్ యూ ఎక్స్‌ప్లెయిన్' అని ప్రశ్నగా మారిస్తే, చెప్పాలా వద్దా అన్నది ఎదుటివారికే వదిలినట్టవుతుంది. ఎదుటివారి స్వేచ్ఛకు అడ్డురాని ఈ పద్ధతికి భాషాశాస్త్రవేత్తలు పెనెలొపి బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ 1978లో వెలువరించిన సిద్ధాంతంలో 'నెగెటివ్ పొలైట్‌నెస్' అని పేరు పెట్టారు. పేరు ఎలా ఉన్నా, అది మంచి లక్షణమే.

విభేదించేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. 'యూ ఆర్ రాంగ్' అని మొదలుపెడితే విషయాన్ని వదిలి మనిషిని తప్పుపట్టినట్టు ఉంటుంది. 'ఐ యామ్ నాట్ షూర్ అబౌట్ యువర్ సెకండ్ పాయింట్' అని, ఏ అంశంపై సందేహమో చూపి, వెంటనే కారణం రాయండి. కారణం చెప్పని మెత్తదనం వట్టి నసుగుడు.

వ్యాకరణం పట్టించని చిక్కులు మరికొన్ని ఉన్నాయి. 'యూ హ్యాడ్ బెటర్ చెక్ ఇట్' అన్నది సలహాగా కనిపించినా, పరిచయం లేనివారికి హెచ్చరికలా తోస్తుంది. 'యూ మైట్ వాంట్ టు చెక్ ఇట్' మేలు. తెలియక అడిగినవారికి 'ఆఫ్‌కోర్స్' అని బదులిస్తే, ఆ మాత్రం తెలియదా అన్నట్టు వినిపించవచ్చు. 'విత్ ఆల్ డ్యూ రెస్పెక్ట్' పైకి వినయమే, కాని దాని వెనుక ఖండన వస్తోందని ఇంగ్లీషు బాగా తెలిసినవారు ఇట్టే పసిగడతారు. మాటను నొక్కి చెప్పడానికి మొత్తం క్యాపిటల్ అక్షరాలు వాడితే అరుస్తున్నట్టు ఉంటుందని 1995 నాటి ఇంటర్నెట్ మర్యాదల పత్రం ఆర్ఎఫ్‌సీ 1855లోనే ఉంది.

ప్రతిసారీ 'సారీ ఫర్ మై బ్యాడ్ ఇంగ్లీష్' అని రాయనక్కరలేదు. అపార్థానికి ఆస్కారం ఉందనిపిస్తే 'ఇంగ్లీష్ ఈజ్ నాట్ మై ఫస్ట్ లాంగ్వేజ్' అని ఒక్కసారి చెప్పి, నేరుగా విషయంలోకి వెళ్లండి.