వ్యాపారం కొనాలనుకునేవారికి సొంత వెబ్‌సైటు అవసరమా?

అమెరికాలో నడుస్తున్న చిన్న వ్యాపారాన్ని కొనాలనుకునేవారు ముందుగా వెబ్‌సైటు పెట్టుకోవాలా? వ్యాపారాన్ని ఎక్కడ వెతుకుతున్నారన్న దాన్నిబట్టి ఉంటుంది.

వ్యాపారాల అమ్మకపు ప్రకటనలుండే బిజ్‌బైసెల్ వంటి సైట్లలో అమ్మకానికి కనిపించిన దుకాణం కోసం బ్రోకరుకు ఫోను చేస్తే సైటు సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. గోప్యత ఒప్పందంపై సంతకం పెడతారా, చేతిలో ఎంత ఉంది, అప్పు పుడుతుందా అన్నవే బ్రోకరు ప్రశ్నలు. అమెరికా ప్రభుత్వ చిన్న వ్యాపారాల సంస్థ ఎస్‌బీఏ హామీతో బ్యాంకులు అప్పులిచ్చే 7(ఎ) పథకంలో 50 లక్షల డాలర్ల దాకా రుణం దొరకవచ్చు. అక్కడా చూసేది మీ పెట్టుబడి, అనుభవం, ఆ వ్యాపారం లెక్కలు.

అమ్మే ఆలోచన బయటపెట్టని యజమానికి నేరుగా ఉత్తరం రాస్తే మాత్రం కథ వేరు. ముప్పై ఏళ్లుగా ఏసీ మరమ్మతుల సంస్థ నడుపుతున్న పెద్దాయన్ని ఊహించుకోండి. ఉత్తరం చదవగానే మీ పేరు గూగుల్‌లో వెతుకుతాడు. ఏమీ కనిపించకపోతే ఆ ఉత్తరం చెత్తబుట్టలోకే. 1984లో మొదలైన సెర్చ్ ఫండ్ పద్ధతిలో (ఇన్వెస్టర్ల డబ్బుతో ఒక వ్యాపారాన్ని వెతికి, కొని, తామే నడిపే పద్ధతి) వ్యాపారాలు వెతికేవారు సైటు పెట్టుకునేది ఎక్కువగా ఇందుకే.

ఒక్క పేజీ చాలు: ఫొటో, చేసిన ఉద్యోగాలు, ఎలాంటి వ్యాపారం కావాలి, కొన్నాక సిబ్బందిని ఏం చేస్తారు. ఈ చివరి మాటే ఆయన రెండుసార్లు చదువుతాడు. సొంత డొమైన్‌తో ఈమెయిల్ కూడా పెట్టుకోండి. ఉన్నది ఒక్కరే అయినప్పుడు ‘మా పెట్టుబడుల బృందం’ అని మాత్రం రాయకండి. మొదటి ఫోనులోనే దొరికిపోతారు.