ముహీకా జీవితం రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన అధ్యాయాలన్నీ చదివాను. ఉరుగ్వే మాజీ అధ్యక్షుడు హోసే ముహీకా మీద తెలుగులో పుస్తకం రాయాలనుకోవడమే మంచి ఆలోచన. వాక్యం మీద నీకు పట్టుంది. ఆ విషయంలో నేను చెప్పేదేం లేదు. చెప్పాల్సింది వేరే ఉంది. మొదటి మూడు అధ్యాయాల్లో నాకు కనిపించినవాడు వాట్సాప్ ఫార్వర్డుల్లో తిరిగే ముహీకాయే.

1987 నాటి నీలం రంగు ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు, రాజధాని మాంటెవీడియో శివార్లలో రింకోన్ దెల్ సెర్రో దగ్గర రేకుల కప్పు ఇల్లు, మూడు కాళ్ళ కుక్క మాన్యుయేలా, జీతంలో దాదాపు 90 శాతం దానం. అన్నీ నిజాలే. 2012లో బీబీసీ ఆయన్ని ప్రపంచంలోకెల్లా పేద అధ్యక్షుడిగా పరిచయం చేసినప్పటి నుంచి ఇవి రాయని పత్రిక లేదు. నీ పుస్తకం కొనేవాడు ఇవన్నీ తెలిసే కొంటాడు. వాటికోసం ముప్పై పేజీలు దేనికి? పైగా ఆ బిరుదు ఆయనకే నచ్చేది కాదు. ఎంత ఉన్నా చాలనివాడే పేదవాడు, నేను కాదు అని వచ్చిన ప్రతి విలేఖరికీ చెప్పాడు. కారు, కుక్క, ఇల్లు అన్నీ కలిపి ఒక్క పేజీలో పెట్టు. అది కూడా పుస్తకం సగం దాటాక. ఆ పొలం 1985లో జైలు నుంచి బయటికొచ్చాక ఆయనా, సహచరి లూసియా తోపోలాన్‌స్కీ పూలు పెంచి అమ్ముకుని బతికిన చోటు. అధ్యక్షుడయ్యాక ప్రచారం కోసం వేసిన సెట్టింగ్ కాదది. ఆ వరసలో చెబితే పాఠకుడు తనంతట తానే నమ్ముతాడు, నువ్వు పొగడక్కర్లేదు.

ఇప్పుడు అసలు తప్పు దగ్గరికొస్తాను. రెండో అధ్యాయంలో 'సైనిక నియంతృత్వాన్ని కూల్చడానికి తుపాకీ పట్టిన వీరుడు' అని రాశావు. తేదీలు పక్కపక్కన పెట్టి చూడు. ఉరుగ్వేలో నియంతృత్వం మొదలైంది 1973 జూన్ 27న. అప్పటి అధ్యక్షుడు బోర్దబెర్రీ సైన్యం అండతో పార్లమెంటును రద్దు చేసిన రోజది. ముహీకా చేరిన రహస్య సాయుధ సంస్థ, తుపమారో ఉద్యమం, పుట్టింది 1960ల్లో. ఉత్తరాన చెరకు కోత కూలీల్ని కూడగట్టిన రౌల్ సెందిక్ దాని వెనకున్న మనిషి. 1972 ముగిసేసరికి సైన్యం ఆ సంస్థను దాదాపు తుడిచిపెట్టేసింది. ముహీకా చివరిసారి పట్టుబడింది కూడా ఆ ఏడాదే. అంటే ఆయన తుపాకీ పట్టింది ఎన్నికైన ప్రభుత్వాల మీద. 1968 నుంచి పచేకో అరేకో ప్రభుత్వం అత్యవసర చర్యలతో పాలించింది, విద్యార్థుల మీద కాల్పులు జరిగాయి, అదీ నిజమే. అవి కూడా రాయి. కానీ 'నియంతృత్వంపై పోరాటం' అనే మాటతో ఆ పదేళ్ళనీ కప్పేయడం కుదరదు. ఆ దేశంలో ఇప్పటికీ జనం కొట్టుకునేది దీని గురించే. తుపమారోలు లేకపోతే సైన్యం వచ్చేదా రాదా అని. నువ్వు తీర్పు చెప్పక్కర్లేదు, ప్రశ్నను మాత్రం దాచకు.

ఆయన రాజకీయాల్లోకి వచ్చిన దారి కూడా నీ డ్రాఫ్టులో లేదు. కుర్రతనంలో నేషనల్ పార్టీలో, ఎన్రికే ఎర్రో అనే నాయకుడి వెంట తిరిగాడు. అది ఉరుగ్వేలో రెండు పాత సంప్రదాయ పార్టీల్లో ఒకటి. అక్కడి నుంచి రహస్య సంస్థలోకి ఎలా వెళ్ళాడు, ఎందుకు వెళ్ళాడు? ఆ మలుపు లేకుండా ఆయన పుట్టుకతోనే గెరిల్లా అయిపోయినట్టుంది.

మన పాఠకుడికి 1969, 70 అనగానే శ్రీకాకుళం గుర్తొస్తుంది. నువ్వూ ఆ పోలిక తెచ్చావు. కాలం కలిసింది కాబట్టి ఒక వాక్యం వరకు ఓకే. అంతకు మించి లాగకు. ఉరుగ్వేలో దాక్కోవడానికి కొండలే లేవు. దేశంలో ఎత్తయిన గుట్ట 514 మీటర్లు. జనంలో దాదాపు సగం మంది ఒక్క మాంటెవీడియోలోనూ దాని చుట్టుపక్కలా ఉంటారు. అందుకే తుపమారోలు నగరంలోనే దాక్కున్నారు. అపార్టుమెంట్లు, మురుగు కాలవలు, మామూలు ఉద్యోగుల వేషాలు. అడవి వాసనతో రాసిన నీ వర్ణన అంతా తీసేయాలి. బాగా రాశావు, అయినా తీసేయాల్సిందే.

ఇంకొక పేరు నీ పుస్తకంలో లేదు. పస్కాసియో బాయెస్. పొలం కూలీ. 1971 డిసెంబరులో తప్పిపోయిన గుర్రాన్ని వెతుక్కుంటూ వెళ్ళి తుపమారోలు నేలకింద కట్టుకున్న దాపుడు స్థావరాన్ని చూసేశాడు. వదిలేస్తే పోలీసులకు చెబుతాడని కొన్ని రోజులు బంధించి, చివరికి ఇంజెక్షన్ ఇచ్చి చంపేశారు. కూలీల కోసం పుట్టిన సంస్థ ఒక కూలీని చంపింది. ఈ హత్యను ముహీకాకు అంటగట్టమని నేననడం లేదు, అది చేసింది ఆయన కాదు. కానీ ఆయన ఆ సంస్థ మనిషి. పస్కాసియో లేని ముహీకా కథ సగం కథే. ఇది చదివి పాఠకుడికి ఆయన మీద ప్రేమ తగ్గిపోతుందేమోనని నీకు టెన్షన్ ఉంటుంది. తగ్గితే తగ్గనీ.

జైలు అధ్యాయం నీ డ్రాఫ్టులో అన్నిటికన్నా బాగుంది, అన్నిటికన్నా ఎక్కువ కన్నీళ్ళూ అందులోనే ఉన్నాయి. కన్నీళ్ళు తగ్గించు. పుంతా కర్రేతాస్ జైలు నుంచి 1971 సెప్టెంబరు 6న సొరంగం తవ్వి 111 మంది ఖైదీలు బయటపడిన ఘట్టాన్ని సినిమా ఫక్కీలో పది పేజీలు రాశావు. అది రాయడం తేలిక. ఆ జైలు ఇవాళ షాపింగ్ మాల్ అన్న ఒక్క ముక్క కలిపి మూడు పేజీలకు దించు. కష్టమైనది ఆ తర్వాతి కాలం. 1973 నుంచి 1985 దాకా ముహీకాతో కలిపి తొమ్మిది మందిని సైన్యం బందీలుగా ఉంచుకుంది. బయట తుపమారోలు ఏం చేసినా వీళ్ళని చంపేస్తామని చెప్పి, ఒక బారక్స్ నుంచి ఇంకో బారక్స్‌కి తిప్పుతూ, ఒంటరిగా. ఏళ్ళ తరబడి పుస్తకం లేదు. ఏమీ జరగని పన్నెండేళ్ళను ఎలా రాస్తావు? విశేషణాలతో మాత్రం కాదు, ఒంటితో రాయి. 1970లో ఒక బార్‌లో పోలీసులు పట్టుకున్నప్పుడు ఆరు తూటాలు దిగిన ఒళ్ళది. మూత్రాశయం, కిడ్నీలు పాడయ్యాయి. అతిగా నీళ్ళు తాగాలి, మాటిమాటికీ మూత్రానికి వెళ్ళాలి, సైనికులు వెళ్ళనివ్వరు. వాళ్ళమ్మ లూసీ కోర్దానో చిన్నపిల్లలు వాడే పాటీ ఒకటి తెచ్చిచ్చింది. దాన్ని దగ్గర ఉంచుకోవడానికి కూడా ఆయన గొడవ పడాల్సొచ్చింది. విడుదలైన రోజు ఆ పాటీని వదల్లేదు, చేత్తో పట్టుకునే బయటికొచ్చాడు. 'అమానుష హింస' అని నువ్వు ఏడుసార్లు రాసినచోట ఆ పాటీ ఒక్కసారి కనిపిస్తే చాలు.

చీమలు అరుస్తాయని, చెవి దగ్గర పెట్టుకుంటే వినిపిస్తుందని ఆయన ఆ రోజుల గురించి చెప్పాడు. దాన్ని నువ్వు కవిత్వంగా తీసుకున్నావు. ఆ కాలంలో ఆయనకు మతి చలించింది, లేని శబ్దాలు వినిపించేవి, సైకియాట్రిస్టు దగ్గరికి పంపారు. చీమల మాట ఆ నేపథ్యంలో చదివితే వేరేగా వినిపిస్తుంది.

1994లో డిప్యూటీగా, అంటే దిగువసభ సభ్యుడిగా గెలవడం, తర్వాత సెనేటర్ కావడం, ఇవి వేగంగా దాటేయొచ్చు. 2005లో వ్యవసాయ మంత్రి అయినప్పుడు మాత్రం కాస్త ఆగు. మనుషుల కన్నా పశువులు మూడు రెట్లకు పైగా ఉన్న దేశంలో పేదవాడికి మాంసం అందడం లేదని, కంపెనీలతో మాట్లాడి నిప్పుల మీద కాల్చుకునే పక్కటెముకల మాంసాన్ని తక్కువ ధరకు అమ్మించాడు. జనం దాన్ని 'పేపే అసాదో' అన్నారు. పేపే అంటే ఆయనే. మనిషి పని తీరు, దాని పరిమితి రెండూ ఆ చిన్న విషయంలో ఉన్నాయి. మంచి మనసు, సూటి ఆలోచన, వ్యవస్థగా నిలబడని ఫలితం.

అధ్యక్షుడిగా ఐదేళ్ళూ అలాగే చూడు. 2010 మార్చి 1న ప్రమాణం చేయించింది ఎక్కువ ఓట్లతో గెలిచిన సెనేటర్ హోదాలో ఆయన భార్య లూసియాయే. తానూ పదమూడేళ్ళు జైల్లో ఉన్న మనిషి, తర్వాత ఉపాధ్యక్షురాలు కూడా అయింది. నీ పుస్తకంలో ఆమె వంటగదిలో తప్ప కనపడదు, సరిచెయ్యి. 2012లో గర్భస్రావ చట్టం, 2013లో స్వలింగ వివాహ చట్టం, అదే డిసెంబరులో గంజాయి అమ్మకాన్ని ప్రభుత్వ నియంత్రణలోకి తెచ్చిన చట్టం. మూడూ ఆయన ఖాతాలో వేసేశావు. గర్భస్రావ బిల్లును 2008లో ముహీకా ఉన్న వామపక్ష కూటమికే చెందిన అప్పటి అధ్యక్షుడు తబారే వాస్కేస్ వీటో చేశాడు, ఆయన స్వయంగా డాక్టరు. ముహీకా అడ్డుపడలేదు, సంతకం పెట్టాడు. ఆ బిల్లుల వెనక మహిళా సంఘాలున్నాయి, ఏళ్ళ పోరాటముంది. గంజాయి మందుల షాపుల్లోకి వచ్చింది 2017 జూలైలో, ఆయన దిగిపోయాక.

ఇక దెబ్బతిన్నవి. ప్రమాణ స్వీకారం నాడు విద్య, విద్య, విద్య అని పదే పదే అన్నాడు. సాంకేతిక విశ్వవిద్యాలయం ఒకటి నిలబడింది, మిగతా సంస్కరణ ముందుకు కదల్లేదు. జాతీయ విమాన సంస్థ ప్లూనా 2012లో మూతపడింది. ఆ వ్యవహారం ముదిరి 2013 చివర్లో ఆర్థిక మంత్రి రాజీనామా చేశాడు. ఇవి నీ డ్రాఫ్టులో ఒక పేరాలో 'కొన్ని విమర్శలు కూడా ఉన్నాయి' అని పోయాయి. అలాంటి వాక్యం రాసే బదులు ఆ పేరా రాయకపోవడమే నయం.

పుస్తకానికి గుండెకాయ అనదగ్గ రోజు నువ్వు వదిలేసింది ఒకటుంది. 2012 మార్చి 21. అర్జెంటీనా కవి హువాన్ హెల్మన్ కోడలు మరియా క్లౌదియాను 1976లో బ్వేనోస్ ఐరిస్‌లో ఎత్తుకుపోయి, నిండు గర్భిణిని, మాంటెవీడియోకి తెచ్చారు. బిడ్డ పుట్టింది. తల్లి జాడ మళ్ళీ తెలియలేదు. బిడ్డను ఒక పోలీసు కుటుంబానికిచ్చారు. తాత వెతికి 2000లో మనవరాలు మకరేనాను కనుక్కున్నాడు. అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టు ఉరుగ్వేను దోషిగా తేల్చి, బహిరంగంగా బాధ్యత ఒప్పుకోమంది. పార్లమెంటులో మకరేనా ఎదుట లేచి నిలబడి ఒప్పుకుంది ముహీకా. ఏ రాజ్యం తనను పన్నెండేళ్ళు గోతుల్లో ఉంచిందో ఆ రాజ్యం తరఫున. ఇదే మనిషి, సైనికుల్ని శిక్ష నుంచి కాపాడే 1986 చట్టాన్ని రద్దు చేద్దామని 2011లో సొంత కూటమి బిల్లు తెస్తే, జనం రెండుసార్లు ఓటేసి ఆ చట్టాన్ని ఉంచారు కదా అని వెనకాడాడు. ముసలివాళ్ళను జైల్లో పెట్టాలని తనకు లేదన్నాడు. గల్లంతైనవాళ్ళ కుటుంబాలు ఆ మాట మర్చిపోలేదు. ఇది క్షమా, రాజకీయమా, అలసటా? నాకు రాజకీయమే ఎక్కువనిపిస్తుంది. నువ్వు కాగితాలన్నీ చదివి నీకనిపించింది రాయి.

ఆధారాల సంగతి. ఆయన చివరి పదిహేనేళ్ళు ఎడతెగకుండా ఇంటర్వ్యూలిచ్చాడు. ఒకే కథను వందలసార్లు చెప్పి నున్నగా చేసుకున్నాడు. అందుకని ఒకే సంఘటనకు పాతదీ కొత్తదీ రెండు ఇంటర్వ్యూలు పక్కన పెట్టుకుని చదువు. ఎక్కడ మారిందో అక్కడ నీకు పని ఉంది. నెట్‌లో ఆయన బొమ్మ కింద కనిపించే సూక్తుల్లో చాలావాటికి తలా తోకా ఉండదు. వీడియోలో నీ చెవులతో విన్నదే కొటేషన్‌లో పెట్టు.

విన్నప్పుడు ఆ మాట తీరు కూడా పట్టుకో. నువ్వు ఆయన చేత ప్రవచనకారుడి తెలుగు మాట్లాడిస్తున్నావు. 2013లో మైకు ఆన్‌లో ఉందని తెలియక, అర్జెంటీనా అధ్యక్షురాలు క్రిస్తీనా గురించి, 'ఈ ముసల్ది ఆ మెల్లకన్నువాడికన్నా ఘోరం' అనేసిన మనిషి ఆయన. మెల్లకన్నువాడంటే చనిపోయిన ఆమె భర్త. దేశాల మధ్య రచ్చయింది, క్షమాపణ చెప్పుకున్నాడు. ఆ నోరు నీ పుస్తకంలో వినపడాలి.

ముగింపు 2025 మే 13న, ఆయన మరణంతో పెడతానన్నావు. అందరూ అక్కడే పెడతారు. 2020 అక్టోబరు 20 చూడు. సెనేట్‌కు రాజీనామా చేసిన రోజు. అదే రోజు రాజీనామా చేసిన ఇంకొకాయన హూలియో మరియా సంగినేత్తి, జీవితమంతా రాజకీయ ప్రత్యర్థి. 1985లో ఆయన అధ్యక్షుడైన రెండు వారాలకే క్షమాభిక్ష చట్టంతో ముహీకా విడుదలయ్యాడు. మరుసటి ఏడాది సైనికుల్ని కాపాడే చట్టం వచ్చిందీ ఆయన హయాంలోనే. ఆ ఇద్దరు ముసలివాళ్ళూ సెనేట్‌లో కౌగిలించుకున్నారు. నువ్వు లేవనెత్తాల్సిన ప్రశ్నలన్నీ ఆ ఇద్దరి మధ్యే ఉన్నాయి. వేరేచోట ఆపాలనుకుంటే కారణం రాసి పంపు, వింటాను.

ముందు రెండో అధ్యాయం తిరగరాయి. హెల్మన్ అధ్యాయానికి తొందరపడకు, కోర్టు తీర్పు పూర్తిగా చదివాకే మొదలుపెట్టు. స్పానిష్ క్లాసులు మానేశానన్నావు, మళ్ళీ చేరు. ఇంగ్లీషు అనువాదాలు నమ్ముకుని ఈ పుస్తకం రాయలేవు.

మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.