మొక్కల తెగుళ్ల శాస్త్రానికి పునాది వేసింది ఒక చర్చి మతగురువని అంటారు, నిజమేనా?

నిజమే. పేరు మైల్స్ జోసెఫ్ బర్క్‌లీ (1803–1889). పాఠ్యపుస్తకాలు జర్మన్ శాస్త్రవేత్త డి బారీకి పట్టం కడతాయి గాని, నా ఓటు బర్క్‌లీకే. ఎందుకో చెప్పాలంటే మా చేలో జరిగిన వాదన చెప్పాలి.

మాది మదనపల్లె వైపు, టమాటా పండిస్తాం. ఒక ఏడు ముసురు పట్టి రోజుల తరబడి ఎండ మొహం చూడలేదు. ఆకుల మీద నీరు పట్టిన మచ్చలు లేచి, నల్లబడి, చేనంతా కుళ్లు వాసన. "వేర్లు నీళ్లు ఎక్కువ తాగాయిరా, అందుకే కుళ్లింది" అని నాన్న తేల్చేశారు. తెల్లవారగానే ఒక ఆకును తిరగేసి భూతద్దం చేతికిచ్చాను. మాడిన చోటుకూ పచ్చగా ఉన్న చోటుకూ మధ్య, అంచు వెంబడి తెల్లని సన్నటి నూగు. ఎండెక్కితే అది కనబడదు. నాన్న తీరిగ్గా చూసి, "చచ్చిన ఆకు తడిగా ఉంటే బూజు పట్టదా?" అన్నారు.

1845లో ఇంగ్లండ్‌లో నడిచిన వాదన అచ్చంగా ఇదే. ఐరోపాలో బంగాళాదుంప చేలు మాడిపోతుంటే, వృక్షశాస్త్ర ప్రొఫెసర్ జాన్ లిండ్లీ అంతటివాడు మా నాన్న మాటే అన్నాడు: చలికీ తడికీ మొక్కలు నీరెక్కి కుళ్లాయి, బూజు ఆ తర్వాత వచ్చింది. నార్తాంప్టన్‌షైర్‌లో ఒక పల్లె చర్చి చూసుకుంటూ మైక్రోస్కోపు ముందు కూర్చునే బర్క్‌లీ మాత్రం 1846 వ్యాసంలో బూజే కారణం, కుళ్లు దాని ఫలితం అని వాదించారు. ఆ తెగులు తెచ్చిన కరవులో ఐర్లండ్‌లో సుమారు 10 లక్షల మంది పోయారు. ప్రయోగం చేసి రుజువు చేసింది 1861లో డి బారీయే, కాదనను. కానీ పెద్దలు కాదంటున్నప్పుడు నిలబడి చెప్పడానికి వేరే గుండె కావాలి. (ఆ బూజు అసలు శిలీంధ్రమే, అంటే ఫంగసే, కాదని నేటి శాస్త్రం అంటోంది, అది వేరే గొడవ.)

ద్రాక్ష బూడిద తెగులును మొదట గమనించి గంధకం వాడి చూసింది టక్కర్ అనే తోటమాలి. 1847లో బర్క్‌లీ ఆ బూజుకు అతని పేరే పెట్టారు. మన మందుల కొట్టులో ఆకు తీసుకెళ్లి చూపించండి, కన్నెత్తి చూడరు. బూజుకు కూడా పురుగుమందు కలిపి మూడు డబ్బాలు అంటగడతారు, బిల్లు అడిగితే కోపం.

అడగలేదు గాని ఇదీ చెబుతాను. అరకు కాఫీ రైతులను నేటికీ వేధించే తుప్పు తెగులు ఉంది చూశారా, ఆకు అడుగున నారింజ రంగు పొడి? 1869లో సిలోన్ (నేటి శ్రీలంక) నుంచి వచ్చిన ఆకులు పరిశీలించి ఆ శిలీంధ్రానికి పేరు పెట్టిందీ బర్క్‌లీయే, తోటి శిలీంధ్ర పరిశోధకుడు బ్రూమ్‌తో కలిసి. ఆ దెబ్బకే సిలోన్ దొరలు కాఫీ పీకేసి తేయాకు నాటారు.